తొమ్మిదో వారం: రాగిజావతో కుస్తీ

ఎట్టకేలకు నిన్న సాయంత్రం మా అమ్మాయి జావ గిన్నె ఖాళీ చేసింది. ఏడు వారాలుగా "జిగురు వద్దమ్మా" అంటూ మూతి తిప్పుకున్న పిల్ల మరో రెండు చెంచాలు అడిగి మరీ తాగింది. అందుకే ఈ వారం రాత కొంచెం పొడవుగా ఉంటుంది.

మొదట అంకెలు. మూడేళ్లు నిండిన వారంలో బరువు 11.2 కిలోలు, ఈ ఆదివారం 11.5. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో మూడేళ్ల ఆడపిల్లల మధ్యస్థ బరువు 13.9 కిలోలు, తక్కువ బరువుగా లెక్కించే గీత 10.8. ఈ వయసులో ఏడాదికి 2 కిలోలకు పైగా, అంటే వారానికి సుమారు 40 గ్రాములు పెరగడం మామూలే కాబట్టి, తొమ్మిది వారాల్లో వచ్చిన 300 గ్రాములను నేను విజయంగా రాసుకోవడం లేదు. పైగా మా కాటా 100 గ్రాములు అటూ ఇటూ చూపిస్తుంది. వైద్యురాలు పరీక్షలన్నీ చేసి, జబ్బేమీ లేదని చెప్పిన తరువాతే ఈ ప్రయోగాలు మొదలుపెట్టాను.

కుదిరినవి: పాలు రోజుకు 700 మి.లీ. నుంచి 400కు తగ్గించగానే మధ్యాహ్నం ఆకలి మొదలైంది. నెయ్యి, మెత్తని పల్లీపొడి కలిపిన పప్పన్నం ముద్దలు తింటున్నది.

కుదరనిది జావ. 20 గ్రాముల పిండిని 250 మి.లీ. నీళ్లలో కాస్తే చక్కగా పలచగా ఉంటుంది, కానీ జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగులకు సుమారు 320 కేలరీలే కనుక, మా పిల్ల తాగగలిగే 150 మి.లీ.లో పిండి నుంచి దక్కేది 40 కేలరీల లోపే. పిండిని 40 గ్రాములకు పెంచితే, పొయ్యి దించిన ఐదు నిమిషాలకే హల్వాలా గడ్డకట్టేది. నీళ్లు కలిపి పలచన చేస్తే మళ్లీ మొదటికే వచ్చేవాళ్లం.

దీనికి విరుగుడు మొలకల పిండి అని తెలుసు. మొలకెత్తిన గింజలో పుట్టే అమైలేజ్ అనే ఎంజైము పిండిపదార్థాన్ని తుంచి, చిక్కని జావను పలచబరుస్తుంది. తెలిసినా నాలుగుసార్లు ఓడిపోయాను. మొదటిసారి ఒక్కరోజే మొలకెత్తించాను, మొలక సూదిమొనంత కూడా రాలేదు. రెండోసారి రెండు రోజులు ఉంచాను. మొలక గింజను మించినా ఫలితం లేదు. మూడో, నాలుగో సార్లు బజారులో దొరికే మొలకెత్తిన రాగిపిండి రెండు రకాలు తెచ్చాను. రుచి బాగుంది, జావ మాత్రం కదలలేదు.

చివరకు నాలుగు గిన్నెలు వరుసగా పెట్టాను. ఒక్కోదానిలో 24 గ్రాముల మామూలు పిండి, 150 మి.లీ. నీళ్లు, మొలకల పిండి వేసిన మూడింటిలో అది 2 గ్రాములు. మొదటి గిన్నెలో ఏమీ కలపలేదు. రెండోదానిలో మూకుడులో వేయించిన మొలకల పిండిని, మూడోదానిలో ఎండబెట్టినదానిని జావ కుతకుతమంటుండగా వేశాను. నాలుగోదానిలో ఎండబెట్టినదానినే జావ 65 డిగ్రీలకు దిగాక కలిపాను. పది నిమిషాల తరువాత మొదటి మూడు గిన్నెల్లో చెంచా నిటారుగా నిలబడింది, నాలుగోది మజ్జిగలా జారింది.

తప్పు ఎక్కడుందో అప్పుడు తెలిసింది. పచ్చివాసన పోవాలని మా అత్తయ్యగారు చెప్పినట్టు మొలకలను కమ్మగా వేయించేదానిని, ఆ వేడికే ఎంజైము చచ్చిపోయేది. మరిగే జావలో వేసినా అంతే. బజారు పిండినీ వేయించే అమ్ముతారని నా అనుమానం. ఇప్పుడు అసలు పిండిని వేయిస్తున్నాను, మొలకలను నీడన ఆరబెట్టి, తరువాత ఎండబెట్టి, వేయించకుండా విసురుతున్నాను. ఇద్దరి మాటా నెగ్గింది. మొలకల పిండి పచ్చిది కనుక జావ జారిన తరువాత మళ్లీ ఒక పొంగు రానివ్వడం తప్పనిసరి. అప్పటికి దాని పని అయిపోయి ఉంటుంది కాబట్టి నష్టం లేదు. బూజువాసన తగిలిన మొలకలను మాత్రం మొహమాటం లేకుండా పారబోస్తాను.

నిన్నటి కొలత: 40 గ్రాముల పిండి, 4 గ్రాముల మొలకల పిండి, 10 గ్రాముల బెల్లం, ఒక చెంచా విజయ నెయ్యి, మొత్తం 250 మి.లీ. అందులో 150 మి.లీ.కి లెక్కవేస్తే సుమారు 130 కేలరీలు.

డబ్బాల్లో వచ్చే చాక్లెట్ పొడుల మీద నాకు నమ్మకం లేదు. వాటివల్ల పిల్లకు తీపి మరగడం తప్ప మాకు ఒరిగిందేమీ లేదు. వాటికంటే వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి కలిపి అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం ఎంతో మేలు, కానీ మూడేళ్లు నిండడంతో మాకు అది ఆగిపోయింది. ఆ పాళ్లను ఇంట్లోనే అనుకరించి, దానిలోనూ మొలకల పిండి పనిచేస్తుందేమో చూడాలి. జొన్నలతో చేయమని పక్కింటి అక్క సలహా ఇచ్చింది గానీ, జొన్న మొలకల్లోని ధురిన్ అనే పదార్థం నుంచి సైనైడ్ వెలువడుతుంది కనుక ఆ జోలికి పోను. గోధుమలు నిన్న రాత్రే నానబోశాను, ఈ ఉదయం గుడ్డలో మూటగట్టాను. మూడు రోజులు ఉంచి, అదే 2 గ్రాముల కొలతతో రాగి మొలకల పక్కన పెట్టి చూస్తాను.