రెరాలో ఏజెంటుగా నమోదు: ఆరు నెలల నా అనుభవం

స్థిరాస్తి ప్రాజెక్టులనూ, ఏజెంట్లనూ నమోదు చేసి నియంత్రించే రాష్ట్ర సంస్థ రెరా నుంచి, స్థిరాస్తి ఏజెంటుగా నా నమోదు పత్రం గత మంగళవారం సాయంత్రం మెయిల్లో వచ్చింది. ఒక నంబరు, ఒక డిజిటల్ సంతకం, అయిదేళ్ల చెల్లుబాటు. ఫిబ్రవరి రెండో వారంలో పెట్టిన దరఖాస్తుకు ఆగస్టు చివర్లో దక్కిన ఫలితమిది. ఏ రాష్ట్రమో మాత్రం చెప్పను. రాబోయే అయిదేళ్లూ నాకు ఆ కార్యాలయంతోనే పని.

నేను 31 సంవత్సరాలు ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. మా కాలనీలో ఎవరు స్థలం కొన్నా, అమ్మినా ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) చూసిపెట్టమనీ, లింకు డాక్యుమెంట్లు (పాత యాజమాన్య పత్రాలు) చదివి చెప్పమనీ నా దగ్గరికే వచ్చేవారు. ఊరికే చేసిపెట్టే ఆ పనికి కమిషన్ తీసుకోవచ్చు కదా అని ఇంట్లోవాళ్లు అన్నప్పుడు, తీసుకుంటే చట్టప్రకారమే తీసుకుంటానని పట్టుబట్టినవాణ్ణి నేనే. 2016 నాటి స్థిరాస్తి చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం, రెరాలో నమోదైన ప్రాజెక్టులో ప్లాటునైనా ఫ్లాటునైనా నమోదు లేని మధ్యవర్తి అమ్మించకూడదు. అమ్మిస్తే 62వ సెక్షన్ కింద రోజుకు రూ.10,000 చొప్పున, ఆ ఆస్తి విలువలో 5 శాతం దాకా జరిమానా పడవచ్చు. మా చుట్టుపక్కల కమిషన్ మీద బతికేవాళ్లలో ఈ రెండు సెక్షన్లూ చదివినవాణ్ణి నేనొక్కణ్ణే అని చెప్పుకోవడానికి నాకు మొహమాటమేమీ లేదు.

ఆన్‌లైన్ దరఖాస్తు ఒక పూటలో పూర్తయింది. వ్యక్తిగత దరఖాస్తుకు రుసుము రూ.10,000 కార్డుతో కట్టాను. మూడేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు, పాన్, ఆధార్, ఫొటో, నా మీద క్రిమినల్ కేసులు లేవన్న ప్రకటన జతచేశాను. ఇంతవరకు ఎవరినీ తప్పుపట్టడానికి లేదు.

తొమ్మిదో సెక్షన్‌లోనే ఇంకొక మంచి మాట ఉంది. దరఖాస్తులో లోపాలున్నాయని గానీ, తిరస్కరించామని గానీ గడువులోగా దరఖాస్తుదారుకు తెలియజేయకపోతే, అతడు నమోదైనట్టే భావించాలి. నేను క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ గీత గీసుకుని కూర్చున్నాను. గడువుకు సరిగ్గా రెండు రోజుల ముందు ‘షార్ట్‌ఫాల్’ అని, అంటే దరఖాస్తులో లోపముందని, ఒక సందేశం వచ్చింది: ఆధార్‌లో పేరు, పాన్‌లో పేరు ఒకటిగా లేవు. ఆధార్‌లో నా ఇంటి పేరు ముందు ఒక్క అక్షరంగా ఉంటుంది. పాన్‌లో పూర్తిగా, అదీ పేరు చివర ఉంటుంది. తెలుగువాళ్లలో సగం మందిది ఇదే కథ. ఇద్దరూ ఒక్కరేనని నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించి పంపాను. గడువు మళ్లీ మొదటి నుంచి మొదలైంది. అది ముగియడానికి మూడు రోజులుండగా రెండో షార్ట్‌ఫాల్: కార్యాలయం చిరునామాకు రుజువుగా పెట్టిన కరెంటు బిల్లు నా భార్య పేరున ఉందట. అందుకని, సొంత ఇంట్లో ముందుగదిని కార్యాలయంగా వాడుకోవడానికి నాకు అభ్యంతరం చెప్పనని ఆవిడ చేత స్టాంపు కాగితం మీద రాయించుకోవలసి వచ్చింది. అద్దె ఎంత ఇస్తారో కూడా రాయమంది ఆవిడ. ఈ రెండు లోపాలనూ మొదటి రోజునే ఒకేసారి చెప్పడానికి ఏమి అడ్డు వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. కనుక ఈ దారిన వెళ్లదలచినవారు, దరఖాస్తు చేయకముందే ఆ అఫిడవిటూ, ఇంటి యజమాని అంగీకార పత్రమూ సిద్ధం చేసుకోవాలి. పదిహేను వేలు అదనంగా ఇస్తే వారంలో పని చేయిస్తానన్న కన్సల్టెంటును మాత్రం గడప దాటనివ్వకండి. అతను అడిగేదీ ఈ రెండు కాగితాలే.

మే నెలలో మూడో షార్ట్‌ఫాల్ వచ్చింది. అందులో ‘సరైన పత్రాలు జతచేయండి’ అన్న ముక్క తప్ప మరేమీ లేదు. ఏ పత్రాలని అడిగిన మెయిళ్లకు జవాబు లేదు. ఫోను ఎత్తినవారు పోర్టల్‌లో చూసుకోమన్నారు. అప్పుడు నాలోని సాంఘిక శాస్త్రం మాస్టారు లేచాడు.

రెరా సంస్థలు ఎవరికీ జవాబుదారీ కావని బయట చాలామంది అనుకుంటారు. చట్టం అలా లేదు. అధ్యక్షుణ్ణీ, సభ్యులనూ ఎంపిక చేసే కమిటీలో హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి లేదా ఆయన నియమించినవారు, గృహనిర్మాణ శాఖ కార్యదర్శి, న్యాయ శాఖ కార్యదర్శి ఉంటారు. లెక్కలను కాగ్ తనిఖీ చేయాలి. ఏటా వార్షిక నివేదిక ప్రభుత్వానికి ఇవ్వాలి, దానిని ప్రభుత్వం శాసనసభ ముందుంచాలి. 83వ సెక్షన్ కింద ప్రభుత్వం లిఖితపూర్వకంగా ఆదేశాలివ్వవచ్చు, నివేదికలు తెప్పించుకోవచ్చు. సంస్థ విధులు నిర్వర్తించలేని స్థితిలో ఉంటే 82వ సెక్షన్ కింద ఆరు నెలలకు మించకుండా దానిని పక్కన పెట్టవచ్చు కూడా. శాసనవ్యవస్థ, కార్యనిర్వాహక వ్యవస్థ ఒకదాని మీద ఒకటి కన్నేసి ఉంచడమంటే ఏమిటో పదో తరగతి పిల్లలకు బల్ల మీద సుద్దముక్కలు పేర్చి చెప్పినవాణ్ణి కనుక, ఈ సెక్షన్లన్నీ ఉదహరిస్తూ, నా దరఖాస్తు నంబరు వేసి, మూడు పేజీల అర్జీని శాఖ కార్యదర్శికి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అంత చక్కని అర్జీ ఆ శాఖకు చాలాకాలంగా వచ్చి ఉండదని నా నమ్మకం.

ఇరవై రోజులకు ఒక లేఖ నకలు నాకు అందింది. నా అర్జీని ‘తగు చర్య నిమిత్తం’ పంపుతున్నట్టు అందులో ఉంది. పంపింది ఎవరికంటే, నేను ఎవరి మీద రాశానో ఆ సంస్థకే.

జులైలో ఫోను చేసి రమ్మన్నారు. పనైపోయిందనే అనుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, నాలుగు గంటలు బస్సులో కూర్చుని వెళ్లాను. సహాయ కేంద్రం బల్ల వెనుక ఉన్న కుర్రవాడికి పాతికేళ్లుంటాయి. నా పేరు చెప్పగానే ఫైలు తీశాడు. పైన నా అర్జీ ఉంది. సెక్షన్ నంబర్ల కింద ఎవరో ఎర్ర సిరాతో గీతలు గీశారు.

“మీదేనా సార్ ఇది? మా సంస్థను రద్దు చేయమని రాశారు కదా?” అని గట్టిగానే అడిగాడు. రద్దు చేయమని నేను రాయలేదు, అలాంటి అధికారం చట్టంలో ఉన్నదని గుర్తుచేశాను, అంతే. ఆ తేడా వివరించబోతుంటే వెనుక వరుసలో ఎవరో నవ్వారు. అతను పక్క బల్ల మీది అమ్మాయిని పిలిచి రెండో పేజీలో ఒక వాక్యం చదివి వినిపించాడు. అది నాకు బాగా నచ్చి, రెండుసార్లు తిరగరాసుకున్న వాక్యం. నా ఎదుట పాఠం అప్పజెప్పలేక తలవంచుకు నిలబడిన పిల్లలు ఆ క్షణాన వరసగా గుర్తొచ్చారు; వాళ్లలో కొందరిని నేనూ అలాగే తరగతి అందరి ముందూ చదివించాను.

మూడో షార్ట్‌ఫాల్‌కు కారణమేమిటని అడిగాను. తెర మీద చూసి, “అది పొరపాటున పడినట్టుంది సార్, తీసేస్తాం” అన్నాడు. రెండు నెలలు నేను జవాబు వెతుక్కున్న ప్రశ్నకు అసలు ప్రశ్నే లేదన్నమాట. తరువాత ఒక తెల్లకాగితం నా ముందుకు జరిపాడు. పై నుంచి వచ్చిన అర్జీ పెండింగులో ఉన్నంతకాలం దరఖాస్తును కదపలేమట. ‘నా సమస్య సంతృప్తికరంగా పరిష్కారమైనది, ఇకపై నాకు ఎటువంటి ఫిర్యాదు లేదు’ అని నా దస్తూరీతో రాసి సంతకం పెట్టాలట. పరిష్కారం కాకముందే పరిష్కారమైందని ఎలా రాయమంటారని అడిగితే, “రాస్తేనే అవుతుంది సార్” అన్నాడు. అతని గొంతులో వెటకారం లేదు. నిజంగానే నాకు సాయం చేస్తున్నాననుకున్నాడు.

రాశాను. గుండ్రని అక్షరాలతో, తేదీ వేసి మరీ రాశాను.

2024లో సుప్రీంకోర్టు ధర్మాసనం ఒకటి, రెరాలు మాజీ అధికారులకు పునరావాస కేంద్రాలుగా మారాయని మందలించినట్టు పత్రికల్లో చదివి అప్పట్లో నేను సంతోషించాను. ఇప్పుడు ఆలోచిస్తే, పైనున్నవారు ఎలాంటివారైనా వారి మీద పర్యవేక్షణ నడిచేది నేను రాసిచ్చినటువంటి కాగితాల మీదే అనిపిస్తోంది. ప్రభుత్వం అర్జీ ఏమైందని అడిగితే, పరిష్కృతం అని నా సంతకమే చూపిస్తారు. శాసనసభకు ఎప్పుడైనా లెక్క వెళితే నేను అందులో సంతృప్తి చెందిన వ్యక్తిగా ఉంటాను.

ఆ తరువాత కూడా పత్రం రావడానికి ఆరు వారాలు పట్టింది. ఎందుకని నేను ఎవరినీ అడగలేదు.

పత్రం వచ్చిన సంగతి కాలనీలో తెలిసిన మూడో రోజున, మా వీధి చివర ఉండే మధ్యవర్తి ఒకాయన మిఠాయి డబ్బాతో వచ్చాడు. పదేళ్లుగా వెంచర్లు అమ్మిస్తున్నాడు. ఏ నమోదూ లేదు, ఏ జరిమానా పడలేదు. “మాస్టారూ, మీ నంబరు మా కరపత్రంలో వేసుకుంటాం, ప్లాటుకింత అని మీకిస్తాం, మీరు కదలనక్కర్లేదు” అన్నాడు. కరపత్రం తిరగేస్తే, ప్రాజెక్టు రెరా నంబరు ఉండవలసిన చోట ‘త్వరలో’ అని ఉంది. నమోదు కాని ప్రాజెక్టును అమ్మించకూడదని పదో సెక్షన్ నాకు చెబుతోంది. ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేరు. మిఠాయి డబ్బా తిరిగి ఇచ్చేశాను, కరపత్రం ఉంచుకున్నాను.

నిన్న రాత్రి దాన్ని స్కాన్ చేసి, జతచేసి, అదే పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాను. ఈసారి పది వాక్యాలే రాశాను. రసీదు నంబరు వెంటనే వచ్చింది.