జనం అరిచే ఇంటిపేరు

మా కార్తీక్‌కు పదేళ్లు. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే పుట్టాడు. యార్లగడ్డ అనే మా ఇంటిపేరు వాడి బడిలో ఎవరికీ నోరు తిరగదు. పిల్లలు నవ్వుతున్నారని రెండో తరగతిలోనే వాడు దాన్ని కత్తిరించేశాడు. పుస్తకాల అట్టల మీద పేరు, పక్కన ఒక్క అక్షరం, ఒక చుక్క. ఆ చుక్కను చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమనేది. కానీ రోజూ ఆ నవ్వులు పడేది వాడు కదా, ఏమని బలవంతపెట్టను?

2024 అక్టోబరు 6న వాడిని మా ఊరి ఫుట్‌బాల్ జట్టు ఐన్‌ట్రాక్ట్‌కు, మ్యూనిక్ జట్టు బయెర్న్‌కు జరిగిన మ్యాచ్‌కు తీసుకెళ్లాను. ఇక్కడ గోల్ పడితే మైకులో ఆటగాడి పేరే చెబుతారు, ఇంటిపేరు జనం అందుకోవాలి. "ఒమర్" అంది మైకు. "మర్మూష్" అని వేల గొంతులు ఒక్కసారిగా లేచాయి. కార్తీక్ అరవలేదు, నా చెయ్యి పట్టుకుని చుట్టూ చూస్తున్నాడు. ఆట చివరి క్షణాల్లో అతనే మరో గోల్ కొట్టి 3-3 చేశాడు. ఈసారి వాడి గొంతు కూడా కలిసింది.

ఒమర్ మర్మూష్ 1999లో కైరోలో పుట్టాడు. 2017లో, పద్దెనిమిదేళ్లకే జర్మనీలో వోల్ఫ్స్‌బర్గ్ జట్టుకు వచ్చాడు. వెంటనే అందలమేమీ ఎక్కలేదు. అరువు మీద జాంక్ట్ పౌలీ, ష్టుట్‌గార్ట్ జట్లకు ఆడి, 2023లో మా ఊరు చేరాడు. ఆ వయసు పిల్లవాడు జర్మనీ చలిలో ఒంటరిగా ఎలా నెగ్గుకొచ్చాడో అన్నదే గోల్స్ కంటే ఎక్కువగా నా మనసులో మెదిలేది. 2024-25 సీజన్ సగమయ్యేసరికి 17 లీగ్ మ్యాచ్‌లలో 15 గోల్స్ కొట్టాడు.

కార్తీక్ తరగతిలో ఒక ఈజిప్టు అబ్బాయి ఉన్నాడు. మర్మూష్‌దీ వాళ్ల దేశమే అయినా, వాళ్లింట్లో ఈజిప్టు ఫుట్‌బాల్ ఆటగాడు సలాహ్ తర్వాతే ఎవరైనా. తెనాలిలో మా మామగారికైతే ఇద్దరూ తెలియరు. "క్రికెట్ ఆడతాడా?" అని అడిగారు. ఇంతమంది అరిచిన పేరు తాతయ్యకు తెలియకపోవడం వాడికి నమ్మశక్యం కాలేదు.

2025 జనవరిలో మర్మూష్ ఇంగ్లండ్ జట్టు మాంచెస్టర్ సిటీకి వెళ్లిపోయాడు. ఆ రాత్రి కార్తీక్ అన్నం ముందు కూర్చుని, "మనం కూడా వెళ్లిపోతామా అమ్మా?" అన్నాడు. ఎప్పటికైనా ఇండియాకు తిరిగి వెళ్లిపోవాలని మేము అనుకునే మాటలన్నీ వాడు వింటూనే ఉన్నాడన్నమాట. "ఇప్పుడే కాదు నాన్నా" అన్నాను. అంతకంటే నిజమైన జవాబు నా దగ్గర లేదు.

ఆ ఆదివారం తాతయ్యకు వీడియో కాల్ చేసి ఆట నేర్పాడు. "నేను నా పేరు చెబుతాను, మీరు ఇంటిపేరు అరవాలి."

"మన దగ్గర ఇంటిపేరే ముందురా."

"ఇక్కడ తర్వాత, తాతయ్యా. కార్తీక్!"

"యార్లగడ్డ!" అన్నారు ఆయన, దగ్గుతూ. గట్టిగా అనమని వీడు, అక్కడ రాత్రి పదిన్నరయింది, వీధంతా లేస్తుందని అత్తయ్య. ఆయన కళ్లజోడు తీసి పక్కన పెట్టి, రెండు చేతులూ నోటికి ఇరువైపులా పెట్టుకున్నారు.