కోచ్ ఎంపిక కమిటీలో నా తొమ్మిదో ప్రశ్న

మొన్న శుక్రవారం మా కాలేజీ కొత్త ఫుట్‌బాల్ హెడ్ కోచ్ పేరు ప్రకటించారు. ఆయన్ని ఎంపిక చేసిన ఏడుగురి కమిటీలో నేనూ ఉన్నాను. అయిదు వారాలు పట్టింది. కోపం, సంతోషం రెండూ ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

ఒహాయోలో ఒక చిన్న కాలేజీలో పధ్నాలుగేళ్ళుగా లెక్కలు చెప్తున్నాను. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే హెల్మెట్లు, భుజాలకి ప్యాడ్లు పెట్టుకుని కోలబంతితో ఆడే అమెరికన్ ఆట. అమెరికా కాలేజీ ఆటలని నడిపే సంఘం ఎన్‌సీఏఏలో ఉన్న ప్రతి కాలేజీ తన అధ్యాపకుల్లో ఒకరిని ఫ్యాకల్టీ అథ్లెటిక్స్ రిప్రజెంటేటివ్‌గా పెట్టాలి. ఆటల్లో పడి పిల్లల చదువు దెబ్బతినకుండా చూడడం ఆ మనిషి బాధ్యత. మూడేళ్ళుగా అది నా పని.

ఎన్‌సీఏఏలో మాది మూడో డివిజన్. లక్షమంది పట్టే స్టేడియం ఉన్న ఒహాయో స్టేట్ లాంటి వాటితో పోలిక లేదు. మూడో డివిజన్‌లో ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వకూడదు. పిల్లలు ఫీజు కట్టుకుని చదువుకుంటూ ఆడతారు. జట్టులో వందమందికి పైగా ఉంటారు కాబట్టి మాలాంటి చిన్న కాలేజీకి ఫుట్‌బాల్ అంటే వంద సీట్లు నిండడం. కోచ్ కుర్చీ ఖాళీగా ఉన్న ప్రతి వారం, రావాలనుకున్న హైస్కూల్ పిల్లలు వేరే కాలేజీ వైపు చూస్తారు. అందుకే అందరికీ అంత టెన్షన్.

నవంబర్ రెండో వారంలో సీజన్ ముగిసింది, మర్నాడే పాత కోచ్ రాజీనామా చేశారు. ఉద్యోగ ప్రకటన, దరఖాస్తులు, వడపోత, జూమ్ ఇంటర్వ్యూలు అన్నీ చకచకా జరిగిపోయాయి. ముగ్గురు మిగిలారు. అందరినీ ఒకే ప్రశ్నలు, ఒకే వరసలో అడగాలని హెచ్‌ఆర్ ఆవిడ ముందే చెప్పింది. పెళ్ళయిందా, పిల్లలెంతమంది, వయసెంత, ఏ మతం అన్న ఊసే ఎత్తకూడదు. మన దగ్గర ఉద్యోగానికి వెళ్తే మొదట అడిగేవి అవే. ఈ ఒక్క పద్ధతి మనవాళ్ళు తప్పకుండా నేర్చుకోవాలి.

ఇక ఆ రోజు సంగతి.

మొదటి అభ్యర్థి క్యాంపస్‌కి వచ్చారు. వేరే కాలేజీలో హెడ్ కోచ్, నాలుగేళ్ళలో 40 ఆటలాడి 31 గెలిచారు. గదిలో అందరి ముఖాలూ వెలిగిపోయాయి. మా రాష్ట్రంలోనే మౌంట్ యూనియన్ యూనివర్సిటీ ఉంది, మూడో డివిజన్‌లో 13 సార్లు జాతీయ చాంపియన్. అక్కడ 1986 నుంచి 2012 దాకా హెడ్ కోచ్‌గా ఉన్న ల్యారీ కెహ్రెస్ 332 ఆటలు గెలిచి 24 మాత్రమే ఓడారు. ఒహాయోలో ఏ కమిటీ కూర్చున్నా అలాంటి మనిషి దొరకాలనే కలగంటుంది.

ప్రశ్నల జాబితాలో తొమ్మిదోది నాది. హెచ్‌ఆర్ ఆమోదించినదే. "మీ దగ్గర మొదటి ఏడాది జట్టులో చేరినవాళ్ళలో నాలుగో ఏడాదికి ఎంతమంది మిగులుతున్నారు? సాయంత్రం ల్యాబులు ప్రాక్టీస్‌కి అడ్డొస్తే ఏం చేస్తారు?" అని అడిగాను.

ఆయన నోరు తెరవకముందే కమిటీలో ఉన్న పూర్వ విద్యార్థి ఒకాయన చెయ్యి అడ్డం పెట్టారు. కాలేజీకి జిమ్ కట్టించిన దాత ఆయన. "ఇది వదిలేయండి కోచ్. మేడమ్ క్రికెట్ దేశం నుంచి వచ్చారు, మన ఆట సంగతి ఆవిడకి ఏం తెలుసు" అన్నారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. అభ్యర్థి కూడా నవ్వారు. అథ్లెటిక్ డైరెక్టర్ కాగితంలోకి చూస్తూ పదో ప్రశ్న చదివేశారు.

పెన్ను పట్టుకుని ఇంకో నలభై నిమిషాలు అక్కడే కూర్చున్నాను. చెవులు వేడెక్కిపోయాయి. అమెరికా పౌరసత్వం వచ్చి ఆరేళ్ళయింది. మంచు పడుతుంటే దుప్పటి కప్పుకుని మా పిల్లల ఆటలు చూశాను. కాలు విరిగిన కుర్రాడికి ఆస్పత్రికి వెళ్ళి క్యాల్‌క్యులస్ చెప్పాను. అన్నీ ఒక్క మాటతో తుడిచేశారు. బయటికొచ్చాక ఒక సహోద్యోగి "మనసులో పెట్టుకోకండి, ఆయన స్వభావమే అంత" అంది. గదిలో ఉన్నప్పుడు మాట్లాడనివాళ్ళు వరండాలో ఓదారిస్తే నాకు ఊరట కలగదు.

ఇంటికొచ్చి చెప్తే మా వారు "ఇంకో రెండు మీటింగులే కదా, వదిలెయ్" అన్నారు. వదిలేసే మనసు రాక సికింద్రాబాద్‌లో నాన్నకి ఫోన్ చేశాను. నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసి రిటైరయ్యారు. కాలితో ఆడే మన ఫుట్‌బాల్ అంటే ఆయనకి ప్రాణం.

అంతా విని, "మన హైదరాబాద్ ఫుట్‌బాల్ కోచ్ రహీం సాబ్ ఎవరమ్మా? స్కూల్ మాస్టారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనవాళ్ళని సెమీఫైనల్‌కి తీసుకెళ్ళాడు, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెప్పించాడు. మీకు కావలసింది మాస్టారో మేస్త్రీయో తేల్చుకోమను" అన్నారు.

"వాళ్ళు నా మాట వినరు నాన్నా."

"నీ మాట వినకపోతే లెక్క చూపించు. నీకొచ్చింది అదే కదా."

ఆ రాత్రే కూర్చున్నాను. ప్రతి కాలేజీ ఆటల వెబ్‌సైట్‌లో ఏటేటా జట్టు జాబితా ఉంటుంది. ప్రతి పేరు పక్కన ఫ్రెష్‌మన్, సోఫమోర్, జూనియర్, సీనియర్ అని, అంటే మొదటి ఏడాది నుంచి నాలుగో ఏడాది దాకా ఏదో రాసి ఉంటుంది. ఎవరి అనుమతీ అక్కర్లేదు. నాలుగేళ్ళ జాబితాలు దించుకుని పేరు పేరునా సరిచూశాను. మొదటాయన దగ్గర మొదటి ఏడాది చేరిన 52 మందిలో సీనియర్లుగా మిగిలింది 13 మంది. రెండో ఆయన దగ్గర 41లో 17. మూడో ఆయన హెడ్ కోచ్ కాదు, ఒకచోట అఫెన్సివ్ కోఆర్డినేటర్, అంటే బంతి తమ చేతిలో ఉన్నప్పుడు ఆడేవాళ్ళని చూసుకునే కోచ్. అందుకని ఆయన చేతికింద ఆడినవాళ్ళనే లెక్కపెట్టాను. 19లో 12. జట్టు వదిలిన ప్రతివాడూ కాలేజీ వదిలాడని అర్థం కాదు, గాయాలుంటాయి, ఇంటి ఇబ్బందులుంటాయి. ఆ మాట కూడా కాగితం మీద స్పష్టంగా రాశాను. తెల్లవారుజామున నాలుగయింది. ఆ గదిలో ఇంకెవరూ ఈ పని చేయలేదని గర్వంగానే చెప్పుకుంటాను.

తర్వాత అభ్యర్థులు జట్టు కెప్టెన్లతో విడివిడిగా మాట్లాడే ఘట్టం. నేను వెనక కూర్చుని విన్నాను. మొదటాయన తన ఆట పద్ధతి గురించి గంటసేపు బాగా చెప్పారు. మూడో ఆయన వచ్చి కూర్చుని, "ప్రాక్టీస్ అయ్యేసరికి డైనింగ్ హాల్ తెరిచే ఉంటుందా?" అని అడిగారు. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బుధ, గురువారాలు మూసేస్తారట. రెండేళ్ళుగా ఆ రెండు రాత్రులూ గదిలో పాలల్లో కార్న్‌ఫ్లేక్స్ లాంటివి తిని పడుకుంటున్నారు, నూట ముప్పై కిలోల పిల్లలు! మూడేళ్ళుగా వాళ్ళ తరఫు మనిషినని చెప్పుకునే నాకు ఆ సంగతి తెలియదు. అది నా తప్పే.

చివరి మీటింగులో నా కాగితం అందరికీ పంచాను. దాత గారు చూడకుండానే పక్కకి నెట్టేశారు. అంతవరకు ఒక్క మాటా మాట్లాడని అడ్మిషన్ల డీన్ మాత్రం ఫోన్‌లో క్యాల్‌క్యులేటర్ తీసింది. 52లోంచి 13 తీసేస్తే 39. ఆ 39 మందిలో సగం మంది కాలేజీ వదిలేసినా ఎన్ని ఏళ్ళ ఫీజు పోతుందో లెక్కవేసి, ఆ మొత్తం పైకి చదివింది. గది నిశ్శబ్దమైపోయింది. నిజం చెప్పాలి, వాళ్ళని కదిలించింది పిల్లల చదువు కాదు, ఆ ఫీజు. నాకు బాధేసింది, కానీ ఫలితం కావాలి కాబట్టి ఊరుకున్నాను. ఓటింగ్‌లో మూడో ఆయనకి అయిదు, మొదటాయనకి రెండు. ప్రెసిడెంట్ ఆమోదం, జీతం మాటలు, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అన్నీ నాలుగు రోజుల్లో అయిపోయాయి.

ఇలాంటి కమిటీలో ఎవరైనా కూర్చోవలసి వస్తే జట్టు జాబితాలు మీరే లెక్కపెట్టండి, అభ్యర్థి పంపిన కాగితాలు సరిపోవు. అతని పాత కాలేజీలో ఆటగాళ్ళ గాయాలు చూసే అథ్లెటిక్ ట్రైనర్‌తో మాట్లాడండి. తలకి దెబ్బ తగిలిన పిల్లవాడు మళ్ళీ ఎప్పుడు ఆడాలో చెప్పవలసింది ట్రైనర్లు, డాక్టర్లు. ఆ మాటకి కోచ్ ఎంత విలువిచ్చాడో వాళ్ళకే తెలుస్తుంది. చందాలిచ్చిన పెద్దమనుషులని మాత్రం కమిటీలో కూర్చోనివ్వకండి. జిమ్ కట్టించినందుకు గోడ మీద పేరుంది, అది చాలు.

ప్రకటన రోజు ఆ దాత గారు కమిటీలో అందరితో చెయ్యి కలిపి, నన్ను దాటుకుని వెళ్ళిపోయారు. నేనూ పిలవలేదు.

నిన్న కొత్త కోచ్ నుంచి మెయిల్ వచ్చింది, నాలుగు వాక్యాలు. వచ్చే ఫాల్ సెమిస్టర్ (ఆగస్టులో మొదలయ్యేది) ల్యాబుల టైమ్‌టేబుల్ ఎప్పటికి తయారవుతుంది, డైనింగ్ హాల్ వేళలు మార్చాలంటే ఎవరిని కలవాలి అని అడిగారు. టైమ్‌టేబుల్ చిత్తుప్రతి వెంటనే పంపాను. డైనింగ్ హాల్ మేనేజర్ దగ్గరికి జనవరిలో ఇద్దరం కలిసే వెళ్తున్నాం.