తొమ్మిదో ప్రశ్నకి సున్నా పెట్టాను

నేను బ్యాంకులో పని చేస్తాను. ఫారంలో ఒక్క గడి తప్పున్నా వెనక్కి పంపేసే రకం. అలాంటివాణ్ణి, రెండేళ్ల కిందట గుంటూరులో ఒక సైకియాట్రిస్టు దగ్గర ఓపీ బెంచీ మీద కూర్చుని, చేతికిచ్చిన ఫారంలో అబద్ధం రాశాను.

దాన్ని పీహెచ్‌క్యూ-9 అంటారట, డిప్రెషన్ ఎంతుందో చూసే ఫారం. తొమ్మిది ప్రశ్నలు. గత రెండు వారాలు ఎలా గడిచాయో చూసుకుని ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా వేసుకోవాలి. నిద్ర, ఆకలి, నీరసం, అన్నిటికీ నిజమే రాశాను. చివరిది చావు గురించిన ఆలోచనల మీద. పెన్ను ఆగిపోయింది. పక్కన పెద్దాయన టోకెన్ నంబరు పిలుస్తారేమోనని తలుపు వైపే చూస్తున్నాడు, నా వైపు కాదు, అయినా ఆయన చూస్తాడేమోనని గబగబా సున్నా దగ్గర టిక్కు పెట్టేశాను.

అప్పటికి నాలుగు నెలలుగా రోజూ వస్తున్నాయి ఆ ఆలోచనలు. ఇలా చేయాలి అలా చేయాలి అని కాదు, పొద్దున మెలకువ రాగానే 'అయ్యో, మెలకువ వచ్చేసిందే' అనిపించడం, అంతే. ఒకసారి అమ్మతో అన్నాను కూడా, బతకాలని లేదమ్మా అని. "నాకు మాత్రం ఉందా ఏంట్రా, లే, అన్నం తిను" అంది. తప్పు ఆవిడది కాదు. ఎండకి చచ్చిపోతున్నాం, చాకిరీకి చస్తున్నాం, నవ్వలేక చచ్చాం అనుకునే ఇళ్లు మనవి. నిజంగా చెప్పాల్సి వచ్చేసరికి ఆ మాట అప్పటికే అరిగిపోయి ఉంది.

మందులు మొదలుపెట్టారు, పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందన్నారు. దాంతోపాటు వారానికోసారి కౌన్సెలింగ్. మూడో వారం కౌన్సెలర్ మేడమ్ ఫారం ముందు పెట్టుకుని, "మిగతా ఎనిమిదీ ఇంత ఎక్కువున్నాయి, ఇదొక్కటే సున్నా. చనిపోవాలనిపిస్తోందా మీకు?" అని అడిగేశారు. నీళ్లు తాగుతారా అన్నంత మామూలుగా. నేను ఏడ్చాను, తర్వాత పోలీసులకి చెప్తారా అని అడిగాను. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ అదే నా అసలు భయం. 2017 మానసిక ఆరోగ్య చట్టం వచ్చాక, ఆత్మహత్యకి ప్రయత్నించినవాళ్లని కూడా తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాళ్లుగానే చూడాలి, శిక్షించడం కాదు, మీరు ఆలోచన చెప్తున్నారు అంతేగా అన్నారు. ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే మాత్రం ఇంట్లో ఒకరికి చెప్తాను, అదీ మీతో చెప్పే చేస్తాను అన్నారు.

ఆవిడ చెప్పినదాంట్లో నన్ను నిలబెట్టింది ఇంకోటి. డిప్రెషన్ ఉందో లేదో తేల్చడానికి డాక్టర్లు చూసే తొమ్మిది లక్షణాల్లో ఈ చావు ఆలోచన కూడా ఒకటట. అంటే నాలో ఉన్న ప్రత్యేకమైన దరిద్రం ఏమీ కాదు, జ్వరానికి ఒళ్లునొప్పుల్లాంటిది. "ఈ కుర్చీలో కూర్చుని ఈ మాట చెప్పేవాళ్లు చాలామంది. మీలాగే అందరూ తామొక్కరే అనుకుంటారు" అన్నారు. అడిగితే లేని ఆలోచన పుడుతుందని మనవాళ్లు జంకుతారు కదా, నాకు మాత్రం అడిగిన ఆ రాత్రే చాలా రోజుల తర్వాత కాస్త నిద్ర పట్టింది.

ఆరోజే ఒక కాగితం రాయించారు. ఆలోచన ముదురుతోందని ఎలా తెలుస్తుంది (నాకైతే ఫోన్లు ఎత్తడం మానేస్తాను), అప్పుడు ఏం చేయాలి, ఎవరికి చెప్పాలి. మొదటి పేరు అక్కది. చివర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, ఏ వేళైనా తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. ఇంట్లో ప్రమాదం అనిపించేవి కొన్నాళ్లు అక్క తీసుకెళ్లిపోయింది. ఏం అడగలేదు. రోజూ రాత్రి తొమ్మిదికి ఫోన్ చేసి ఏం కూర వండావురా అని మాత్రం అడిగేది.

తగ్గడం సాఫీగా ఏం జరగలేదు. రెండో నెలలో కాస్త బాగుందని నా అంతట నేనే మందు ఆపేసి మళ్లీ పడ్డాను, బాగా తిట్లు తిన్నాను. ఏడాది దాటాక డాక్టరే మెల్లగా తగ్గించారు.

కిందటి నెల మళ్లీ అదే ఫారం ఇచ్చారు. తొమ్మిదో దగ్గర 1 పెట్టాను. మేడమ్ చూసి, "ఎప్పుడు?" అన్నారు.

"మార్చి ఆఖర్లో అండీ, ఇయర్ ఎండింగ్. అక్కకి ఫోన్ చేశాను."