బ్రూడెనెల్ రోడ్డులో గ్యాసు దీపాల సినిమా హాలు

లీడ్స్‌కు వెళ్ళే తెలుగువాళ్ళలో ఎక్కువమంది చదువు కోసమో, ఉద్యోగం కోసమో, నాలాగా పసిబిడ్డను ఎత్తుకోవడానికో వెళతారు తప్ప సినిమా హాలు చూడడానికి ఎవరూ వెళ్ళరు. ఉత్తర ఇంగ్లండులోని యార్క్‌షైర్ ప్రాంతంలో, ఒకప్పుడు ఉన్ని మిల్లులతోనూ ఇప్పుడు విశ్వవిద్యాలయాలతోనూ పేరుపడ్డ ఆ ఊళ్ళో మా తమ్ముడు ఉద్యోగం చేస్తున్నాడు. మరదలికి తొలిచూలు ఆడపిల్ల పుట్టింది. పురుటికి అమ్మ వెళ్ళి తిరిగివచ్చిన తరువాత, ఆ ఇంటికి పెద్దదిక్కుగా కొన్నాళ్ళు ఉండే వంతు నాకు వచ్చింది. హైడ్ పార్క్ పిక్చర్ హౌస్ అనే హాలును నాకు చూపించింది ఆ మరదలే.

అయితే సినిమాకూ ఆ ఊరికీ ఉన్న సంబంధం ఆ హాలు కన్నా పాతది. ఊరి మధ్య ఎయిర్ నది మీద లీడ్స్ బ్రిడ్జి ఉంది. లూయీ లె ప్రాన్స్ అనే ఫ్రెంచివాడు, లీడ్స్ ఆడపడుచును పెళ్ళాడి అక్కడే స్థిరపడినవాడు, 1888 అక్టోబరులో తాను తయారుచేసుకున్న ఒంటి కటకపు కెమెరాతో ఆ వంతెన మీద నడిచే మనుషులను, గుర్రపు బళ్ళను చిత్రించాడు. అదే నెలలో నగర శివారులోని రౌండ్‌హే తోటలో తన కొడుకూ అత్తమామలూ తిరుగుతుంటే ఇంకొక ముక్క తీశాడు. రెండు సెకన్ల పాటు కదిలే ఆ ముక్కే నేటికి మిగిలిన చలనచిత్రాలలో అత్యంత పాతదని పరిశోధకులు చెబుతారు. సినిమాకు ఆరంభమని అందరూ చెప్పుకునే లూమియేర్ సోదరుల 1895 పారిస్ ప్రదర్శనకు అది ఏడేళ్ళు ముందటి సంగతి. 1890 సెప్టెంబరులో దిజోన్‌లో రైలెక్కిన లె ప్రాన్స్ మరి ఎవరికీ కనబడలేదు. ఆయన పనిచేసిన చోటు ఉడ్‌హౌస్ లేన్‌లో ఉండేది. విశ్వవిద్యాలయానికి వెళ్ళే పెద్ద రోడ్డు అది. ఆ రోడ్డునే పట్టుకుని, తెల్లని గడియార స్తంభం ఉన్న పార్కిన్సన్ భవనాన్ని దాటి, ఉడ్‌హౌస్ మూర్ అనే విశాలమైన పచ్చిక మైదానం అంచున నడిచి హైడ్ పార్క్ కూడలి చేరుకుంటే, అక్కడ ఊరి స్వరూపమే మారిపోతుంది.

లండన్‌లోని హైడ్ పార్క్‌ను తలచుకుని వెళితే నిరాశ తప్పదు. ఇది ఎర్ర ఇటుకల పేట. ఒక ఇంటి వెనుక గోడే ఇంకొక ఇంటికి కూడా వెనుక గోడ కావడం, అంటే పెరడు అనేదే లేకపోవడం, లీడ్స్ కార్మికవాడల ప్రత్యేకత. మిల్లు పనివాళ్ళ కోసం వరుసలు వరుసలుగా కట్టిన ఆ ఇళ్ళలో ఇప్పుడు సగానికి సగం విద్యార్థులు అద్దెకుంటున్నారు. పెరడు లేదు గనుక బట్టలు వీధికి అడ్డంగా కట్టిన తాళ్ళ మీద ఆరుతుంటాయి. ఒకప్పుడు మెథడిస్టు క్రైస్తవుల ప్రార్థనాలయం ఉన్నచోట ఇప్పుడు మక్కా మసీదు గుమ్మటం కనిపిస్తుంది. దాని చుట్టూ పాకిస్తానీ కుటుంబాలు, వాళ్ళ మాంసం కొట్లు, మిఠాయి కొట్లు. కొత్తిమీర, బెండకాయలు, ఇరవై కిలోల బియ్యం బస్తాలు అమ్మే దుకాణం ముందు మన విద్యార్థులు. జూన్ నెలాఖరులో అద్దె ఒప్పందాలు ముగిసి విద్యార్థులంతా ఇళ్ళకు వెళ్ళిపోతే పేట సగం ఖాళీ అవుతుందట. ఏటా సగం జనం మారిపోయే అలాంటి పేటలో ఒక సినిమా హాలు 1914 నుంచి నిలబడి ఉందంటే, అందులో పెద్ద పెద్ద బొమ్మలు ఆడడం వల్ల మాత్రమే నిలబడిందని అనుకోలేము.

బ్రూడెనెల్ రోడ్డూ ఇంకొక వీధీ కలిసే మూల మీద, స్తంభాల ముఖద్వారంతో, పైన త్రికోణపు గోడతో ఉంటుందా హాలు. ద్వారం నడుమ టికెట్లు అమ్మిన పాత గూడు అలాగే ఉంది. బయట కాలిబాట మీద ఉన్న అలంకారపు దీపస్తంభానికి కూడా చారిత్రక కట్టడంగా రక్షణ ఉంది. 1914 ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైతే నవంబరు 7న ఈ హాలు తెరిచారు. మగవాళ్ళు పటాలాలలో చేరిపోతున్న రోజులు అవి. ఇంటి దగ్గర మిగిలినవాళ్ళు కథాచిత్రాలతో పాటు యుద్ధవార్తల చిత్రాలు చూడడానికి ఇక్కడికే వచ్చేవారు. లీడ్స్ కుర్రాళ్ళను చేర్చుకుని కట్టిన పటాలం 1916 జులై 1న ఫ్రాన్సులోని సోమ్ పోరులో ఒక్క పొద్దులో చాలావరకు నేలరాలింది. ఆ కబురు చేరిన ఇళ్ళలో ఈ వీధుల ఇళ్ళు కూడా ఉండే ఉంటాయి. మచిలీపట్నంలో పుట్టిన రఘుపతి వెంకయ్యనాయుడు మద్రాసులో గెయిటీ థియేటరు కట్టించిందీ ఇంచుమించు ఆ కాలంలోనే. ఆ గెయిటీ ఇప్పుడు లేదు. ఈ హాలు ఉంది. ఈ తేడా నన్ను అక్కడున్నంతసేపూ వదలలేదు.

లోపల అర్ధవృత్తాకారపు పైకప్పు, దాని మీద సున్నపు పనితనం, చిన్న బాల్కనీ. ఇవన్నీ చక్కగానే ఉన్నాయి గాని, చూడవలసినవి గోడల మీది గ్యాసు దీపాలు. తొమ్మిది ఉన్నాయి. సినిమా మొదలయ్యాక కూడా వాటిని ఆర్పరు. ఇప్పటికీ గ్యాసు దీపాలతో నడిచే సినిమా హాలు ప్రపంచంలో బహుశా ఇదొక్కటేనంటారు. హాలు కట్టిన రోజుల్లో సినిమా మీద పెద్దమనుషులకు ఉన్న పెద్ద ఫిర్యాదు చీకటి. చీకట్లో ఆడా మగా పక్కపక్కన కూర్చుంటే ఏమవుతుందోనని భయం. ఆ భయాన్ని తీర్చడానికి, బొమ్మకు అడ్డు రానంత మసకగా, మర్యాద కోసం పెట్టిన వెలుగు ఇది. (మన డేరా హాళ్ళలో ఆడవాళ్ళకు, మగవాళ్ళకు మధ్య గుడ్డ కట్టినవాళ్ళది కూడా ఇదే భయం, కాకపోతే గుడ్డ చవక.) పెట్రోమాక్స్ లైటు వెలుతురులో పెళ్ళిళ్ళు చూసిన తరం దాన్ని వెంటనే గుర్తుపడుతుంది: కరెంటు దీపంలా స్థిరంగా ఉండదు, కొవ్వొత్తిలా రెపరెపలాడదు, మెత్తని పసుపుపచ్చ వెలుగు గోడ మీద కొద్దికొద్దిగా ఊపిరి తీస్తున్నట్టు ఉంటుంది.

"వదినా, పాపను తీసుకుని సినిమాకు వెళ్దామా?" అని మరదలు అడిగినప్పుడు నేను వద్దనే అన్నాను. నాలుగు నెలల పిల్లతో సినిమా ఏమిటి, ఏడిస్తే పక్కవాళ్ళు ఊరుకుంటారా అని. "ఊరుకుంటారు, అందరి ఒళ్ళోనూ పిల్లలే ఉంటారు" అంది. ఏడాది నిండని బిడ్డలున్న తల్లిదండ్రుల కోసం పగటిపూట ప్రత్యేకంగా ఒక ఆట వేస్తారక్కడ. సినిమా పిల్లలది కాదు, పెద్దలదే. మేం వెళ్ళిన రోజు ఒక ఫ్రెంచి చిత్రం. ధ్వని తగ్గిస్తారు, దీపాలు కొంచెం పెంచుతారు. తోపుడు బళ్ళు వరండాలో ఒక వరుసగా నిలిపి, ఎవరి బిడ్డను వారు ఎత్తుకుని లోపలికి వచ్చారు. మా ముందు వరుసలో ఒకావిడ పాలిస్తూ చూసింది. వెనుక గోడ దగ్గర ఒక తండ్రి, భుజాన గుడ్డ వేసుకుని, ఆ గుడ్డ మీద కొడుకును వేసుకుని, సినిమా అంతా నిలబడే ఊగుతూ చూశాడు. ఒక మూల ఏడుపు మొదలైతే ఇంకొక మూల అందుకునేది. పరభాషా చిత్రం కావడంతో కింద అక్షరాలు పడుతుంటాయి కాబట్టి ఎంత గోల జరిగినా కథ మాత్రం ఎవరికీ తప్పిపోలేదు. ఆ రోజున ఆ చిత్రాన్ని ఎంచినవారు ఇది ఆలోచించే ఎంచారో, అనుకోకుండా కుదిరిందో గాని, నాకు మాత్రం చాలా తెలివైన పని అనిపించింది. మా మేనకోడలు తెర వైపు ఒక్కసారి కూడా చూడలేదు. తల వెనక్కి వాల్చి గోడ మీది గ్యాసు దీపం వంకే కళ్ళార్పకుండా చూసి, చూసి, నిద్రపోయింది.

ఆట అయ్యాక ఎవరూ వెంటనే లేవలేదు. అసలు ఆట అదేనని నాకప్పుడు అర్థమైంది. బయటి వరండాలో టీ కప్పులు పట్టుకుని గంటసేపు నిలబడ్డారు. పాలు చాలుతున్నాయా, ఏ డాక్టరు నెమ్మదిగా వింటాడు, ఉద్యోగంలో తిరిగి ఎప్పుడు చేరాలి; ఇవీ మాటలు. పుట్టింటివాళ్ళు లేని చోట, నాలుగింటికే పొద్దుగూకే చలికాలంలో, ఎర్ర ఇటుకల రెండు గదుల మధ్య బిడ్డతో ఒంటరిగా గడిపిన మా మరదలికి ఆ ఊళ్ళో దొరికిన మొదటి స్నేహితులు ఈ వరండాలో దొరికినవాళ్ళే. మాటల్లో మాటగా ఆ సంగతి నాతో అంది గాని, అది ఆ పిల్లకు ఎంత పెద్ద సంగతో నాకు తెలుసు.

ఇదొక్కటే కాదు. మతిమరుపు జబ్బుతో బాధపడే పెద్దల కోసమూ, వారిని కనిపెట్టుకుని ఉండేవారి కోసమూ పాత చిత్రాలతో పగటి ఆటలు వేస్తారు. శనివారాల్లో పిల్లల సినిమాలుంటాయి. విద్యార్థుల కోసం రాత్రి పొద్దుపోయాక విచిత్రమైన బొమ్మలు వేస్తారు. 1987లో మొదలైన లీడ్స్ అంతర్జాతీయ చలనచిత్రోత్సవపు ప్రదర్శనలు కూడా ఇక్కడ జరుగుతుంటాయి. మల్టీప్లెక్సుకు ప్రేక్షకుడంటే సీటు సంఖ్య. ఏ వేళకు ఏ బొమ్మ అన్నది పంపిణీదారు చూసుకుంటాడు. ఇక్కడ మాత్రం ఈ వీధుల్లో ఏ వేళకు ఎవరు ఖాళీగా ఉంటారో చూసుకుని ఆట వేళలు పెట్టినట్టు కనిపించింది. స్వతంత్ర థియేటరు అనగానే మనం మంచి చిత్రాల ఎంపిక గురించి మాట్లాడతాము. ఆ ఎంపిక ముఖ్యమే, కాదనను. కాని నేను చూసినంతలో ఈ హాలు పేటకు చేస్తున్న అసలు మేలు ఆటల వేళల పట్టికలో ఉంది.

ఇంత మంచి హాలు తనంతట తాను బతికిందనుకుంటే పొరపాటు. 1980ల చివర మూతపడే దశకు వచ్చింది. 1989లో నగర పాలక మండలి కలుగజేసుకుని, ఊళ్ళోని గ్రాండ్ థియేటరు నిర్వహణ సంస్థకు దీన్ని అప్పగించడంతో నిలబడింది. నేడు ఆ గ్రాండ్ థియేటరు, సిటీ వెరైటీస్ అనే పాత రంగశాల, ఈ హాలు ఒకే ధర్మసంస్థ కింద ఉన్నాయి. హాలు అభిమానుల సంఘమొకటి విడిగా ఉంది. చందాలు వసూలు చేయడం నుంచి స్వచ్ఛందంగా పని చేయడం వరకు వాళ్ళు చూసుకుంటారు. 2020లో మరమ్మతుల కోసం మూసినప్పుడు మహమ్మారి కూడా వచ్చిపడి పని మూడేళ్ళకు సాగింది. ఆ రోజుల్లో కూడా వీళ్ళు ఊరుకోక, ఊళ్ళోని వేరే వేరే చోట్ల బొమ్మలు వేస్తూ తిరిగారు. నేషనల్ లాటరీ వారసత్వ నిధి నుంచి 20 లక్షల పౌండ్లకు పైగా వచ్చింది. 2023 జూన్ 30న తిరిగి తెరిచేసరికి నేలమాళిగలో చిన్న రెండో తెర, చక్రాల కుర్చీ వెళ్ళేందుకు లిఫ్టు, విశాలమైన వరండా అమరాయి. గ్యాసు దీపాలను బాగుచేసి మళ్ళీ వెలిగించారు. డిజిటల్ యంత్రం పక్కనే ఫిల్ము రీళ్ళు ఆడించే 35 ఎంఎం ప్రొజెక్టర్లను కూడా ఉంచుకున్నారు.

ప్రజల సొమ్ము సినిమా హాలుకు ఎందుకు అనే ప్రశ్న అక్కడా ఉంటుంది, ఉండాలి కూడా. గ్రంథాలయానికి పెడతాము కదా అన్నది నా జవాబు. మా విజయవాడలో 1921లోనే మారుతీ సినిమా వెలిసింది. గాంధీనగరంలో ఒకప్పుడు అడుగుకొక హాలు ఉండేది. నేలకు, బెంచీకి, కుర్చీకి వేర్వేరు టికెట్లు పెట్టినా ఊరంతటినీ ఒకే కప్పు కింద కూర్చోబెట్టిన ఆ హాళ్ళు ఒక్కొక్కటే కళ్యాణ మండపాలుగా, గోదాములుగా మారుతుంటే, అది యజమాని సొంత వ్యవహారమని మనం ఊరుకున్నాము. హైదరాబాదు బంజారాహిల్స్‌లో 2010 నుంచి నడుస్తున్న లామకాన్ అనే సాంస్కృతిక వేదిక వంటి చోట్ల డాక్యుమెంటరీలు, చూశాక చర్చించుకునే చిత్రాలు చూసే వీలుంది; కాని ఒక హాలును కాపాడడం మునిసిపాలిటీ పని అని మన ఊళ్ళలో ఎవరూ అడిగినట్టు నేను వినలేదు.

అలాగని లీడ్స్ హాలు పేటనంతటినీ గెలుచుకుందని చెప్పలేను. మేం చూసిన ఆటకు వచ్చినవారిలో తెల్లవారే ఎక్కువ. మా తమ్ముడి పక్కింట్లో ఉండే పెద్దావిడ పాకిస్తాన్ ఆధీనంలోని కాశ్మీరులో ఉన్న మీర్‌పూర్ నుంచి వచ్చి నలభై ఏళ్ళు దాటింది. ఆ హాలు ముందు నుంచి రోజూ నడిచి మసీదు వీధిలోని కూరగాయల కొట్టుకు వెళుతుంది, ఒక్కసారి కూడా లోపలికి వెళ్ళలేదు. కారణమడిగితే, "అది కాలేజీ పిల్లలది బేటీ, మాకేం అర్థమవుతుంది?" అని హిందీలో అంది. కుర్రతనంలో దిలీప్ కుమార్ సినిమాలంటే పడిచచ్చేదట. యాభై మంది పట్టే నేలమాళిగ తెర మీద ఒక మధ్యాహ్నం దిలీప్ కుమార్ బొమ్మ వేస్తే ఆవిడ తన ఈడువాళ్ళను నలుగురిని వెంటబెట్టుకుని రాదా అని నాకు అనిపించింది. మా తమ్ముడు, "మన తెలుగు సినిమా కూడా వేయమని అడుగుదాం అక్కా" అన్నాడు. కొత్త తెలుగు బొమ్మ విడుదలైతే ఊరి చివర మల్టీప్లెక్సులో మన కుర్రాళ్ళ హడావిడి ఎలాగూ ఉంటుంది, దానికి ఈ హాలు అక్కర లేదన్నాను. పక్కింటి ఆవిడకు కావలసిన బొమ్మ అడగడం వేరే సంగతి. నేను బయలుదేరే ముందు మరదలు హాలువాళ్ళకు ఉత్తరం రాసి, జవాబు వచ్చేలోగా ఆవిడ మనవళ్ళను శనివారం ఆటకు తీసుకువెళ్ళడానికి, ఆవిడ కూడా తోడు రావడానికి ఒప్పించింది.