కళ్ళెదుట కదిలే యంత్రం: స్టీమ్‌పంక్ మీద నాకున్న మోజు

పాత ఆవిరి యంత్రాల మీద రెండు ఇనుప గుండ్లు గిరగిర తిరుగుతూ కనిపిస్తాయి. జేమ్స్ వాట్ 1788లో తన యంత్రాలకు అమర్చిన ఈ పరికరం పేరు గవర్నర్. దీన్ని కాసేపు చూస్తే చాలు, అది ఏం చేస్తోందో ఎవరూ చెప్పనక్కర లేకుండానే అర్థమైపోతుంది. యంత్రం వేగం పుంజుకుంటే గుండ్లు విడివడి పైకి లేస్తాయి. వాటితో పాటు లేచిన కాడలు ఆవిరి వచ్చే దారిలోని కవాటాన్ని కొద్దిగా మూస్తాయి. ఆవిరి తగ్గేసరికి వేగమూ తగ్గి, గుండ్లు కిందికి దిగి, కవాటం మళ్ళీ తెరుచుకుంటుంది. భౌతికశాస్త్రవేత్త మాక్స్‌వెల్ 1868లో ఇటువంటి గవర్నర్ల గణితం మీద ఒక పరిశోధనా పత్రమే రాశాడు కానీ, ఆ గణితంలో ఒక్క ముక్క రానివాళ్ళకు కూడా యంత్రం తనను తాను అదుపు చేసుకోవడం కళ్ళారా కనిపిస్తుంది. స్టీమ్‌పంక్ అంటే నీకెందుకంత ఇష్టమని ఎవరైనా అడిగితే, పొడుగు టోపీలనూ ఇత్తడి కళ్ళజోళ్ళనూ కాక నేను ఈ రెండు గుండ్లనే చూపిస్తాను.

పందొమ్మిదో శతాబ్దపు ఆవిరి విద్య అక్కడితో ఆగిపోకుండా, పెట్రోలూ ట్రాన్సిస్టరూ వచ్చి దాన్ని పక్కకు నెట్టకుండా, తన దారిలో తాను ఇంకా ముందుకు సాగి ఉంటే లోకం ఎలా ఉండేదన్న ఊహే స్టీమ్‌పంక్‌కు పునాది. అమెరికన్ రచయిత కె. డబ్ల్యు. జీటర్ 1987లో లోకస్ అనే సైన్స్ ఫిక్షన్ పత్రికకు రాసిన ఒక లేఖలో, తానూ టిమ్ పవర్స్, జేమ్స్ బ్లేలాక్ అప్పట్లో రాస్తున్న కథలన్నిటికీ కలిపి సగం సరదాగా ఈ పేరు పెట్టాడు. అలా సాహిత్యంలో పుట్టిన ధోరణి ఇరవై ఏళ్ళు తిరిగేసరికి బట్టలకూ నగలకూ బల్లదీపాలకూ పాకింది. ఇంగ్లండులోని లింకన్ నగరంలో 2009లో మొదలైన ఉత్సవం, న్యూజిలాండ్‌లో తెల్లరాతి విక్టోరియన్ కట్టడాలకు పేరుపడ్డ ఒమరు పట్టణం, ఈ అభిమానులు గుంపులుగా చేరే చోట్లలో ప్రసిద్ధమైనవి.

పందొమ్మిదో శతాబ్దపు ఆంగ్ల గణితవేత్త చార్లెస్ బాబేజ్ సంగతి తెలియకుండా ఈ ధోరణి ఎవరికీ పూర్తిగా పట్టుబడదని నా అభిప్రాయం. నావికులూ ఇంజనీర్లూ నమ్ముకున్న గణిత పట్టికల నిండా తప్పులుండటం చూసి విసిగిపోయిన బాబేజ్, మనిషి చేయి తగలకుండా ఆ పట్టికలను లెక్కకట్టి అచ్చుకు సిద్ధంచేసే డిఫరెన్స్ ఇంజన్‌ను తలపెట్టాడు. 1823లో ప్రభుత్వ సాయంతో పని మొదలైంది. విడిభాగాలు తయారుచేసే జోసెఫ్ క్లెమెంట్‌తో తగాదాలు వచ్చాయి, ఖర్చు పెరుగుతూ పోయింది, యంత్రం మాత్రం పూర్తి కాలేదు. 17,000 పౌండ్లకు పైగా ప్రజాధనం పోశాక 1842లో ప్రభుత్వం చేతులు దులుపుకుంది. ఈలోగా బాబేజ్ మనసు ఇంకా పెద్దదాని మీదికి, చిల్లులు పొడిచిన కార్డుల ద్వారా ఆదేశాలు అందుకునే అనలిటికల్ ఇంజన్ మీదికి మళ్ళింది. గణితవేత్త ఏడా లవ్‌లేస్ 1843లో దాని గురించి రాసిన వివరణలు ఈనాటికీ చదివిస్తాయి కానీ, ఆ యంత్రమూ కాగితం దాటి బయటికి రాలేదు. అక్కడ నేర్చుకున్న మెళకువలతో 1847కూ 1849కీ మధ్య ఆయన గీసిన రెండో డిఫరెన్స్ ఇంజన్ నమూనాను నిర్మించే ప్రయత్నమైనా ఆయన జీవితకాలంలో జరగలేదు.

అసలు రుచి ఇక్కడి నుంచి మొదలవుతుంది. బాబేజ్ యంత్రం నిజంగా పనిచేసి, దాని చుట్టూ ఒక ఆవిరి కంప్యూటర్ యుగమే లేచి ఉంటే ఏమయ్యేదన్న ఊహతో విలియం గిబ్సన్, బ్రూస్ స్టెర్లింగ్ కలిసి రాసిన నవల 1990లో వచ్చింది. ఆ మరుసటి ఏడే, బాబేజ్ పుట్టి రెండు వందల ఏళ్ళు నిండిన సందర్భంగా, లండన్ సైన్స్ మ్యూజియం వారు ఆ రెండో నమూనాలోని లెక్కకట్టే భాగాన్ని, ఆనాటి పనితనానికి అందే కచ్చితత్వాన్ని మించకుండా, నిర్మించి నడిపి చూపించారు. అచ్చుభాగం 2002లో పూర్తయింది. మొత్తం మీద 8,000 విడిభాగాలు, ఐదు టన్నుల బరువు. ముందువైపు ఎనిమిది నిలువు వరుసల్లో, ఒక్కొక్క వరుసకు 31 చొప్పున, అంకెలు చెక్కిన చక్రాలుంటాయి. పక్కన నిలబడ్డ మనిషి చేతిపిడిని తిప్పుతుంటే ఒక వరుసలోని విలువ పక్క వరుసలో కలుస్తూ పోతుంది. యంత్రం వెనక్కి వెళ్ళి చూస్తే ఇంకా బాగుంటుంది. తొమ్మిది దాటిన అంకెను పై స్థానానికి మోసుకుపోయే ఇత్తడి చేతులు ఒకదాని తరువాత ఒకటి, నిలువు వరుస పొడవునా, మెట్లమెట్లుగా మెలికలు తిరుగుతాయి. ఒకట్లు పదులయ్యే లెక్క, బడిలో మనమందరం వేళ్ళ మీద నేర్చుకున్న లెక్క, అక్కడ లోహంలో జరుగుతూ కనిపిస్తుంది. మనం రోజూ వాడే ఫోను అదే లెక్కను సెకనుకు ఎన్ని కోట్లసార్లు చేసినా, ఒక్కసారి కూడా మనకు చూపించదు.

స్టీమ్‌పంక్‌ను గతం మీది బెంగ అని కొట్టిపారేసేవాళ్ళతో నేను ఏకీభవించలేకపోవడానికి కారణం ఇదే. ఈ అభిమానుల్లో నిజంగా 1850లకు వెళ్ళి బతకాలనుకునేవాళ్ళు ఎవరుంటారు? వాళ్ళ తగాదా గతంతో కాదు, వర్తమానంతో. మన చేతిలోని వస్తువులు స్క్రూలు కూడా కనబడకుండా జిగురుతో మూసేసిన నున్నటి పలకలైపోయాయి. పాడైతే విప్పే వీలుండదు, విప్పినా లోపల కంటికి ఆనే కదలిక ఏదీ ఉండదు. పిస్టన్, క్రాంకు, పళ్ళచక్రం అలా కాదు. ఏది దేన్ని నెడుతోందో, ఎక్కడ బిగుసుకుందో, దేనికి నూనె కావాలో చూసి చెప్పవచ్చు. కారణమూ ఫలితమూ పక్కపక్కనే కనబడటంలో ఒక తృప్తి ఉంది. అది అందానికి సంబంధించినదీ, అధికారానికి సంబంధించినదీ కూడా, ఎందుకంటే అర్థమైన వస్తువును మాత్రమే మనం మరమ్మతు చేసుకోగలం.

అందం విషయంలో ఆనాటివాళ్ళ తెగువ ఈనాటివాళ్ళకు లేదు. లండన్ మురుగునీటిని నదీముఖం వైపు పంపేందుకు జోసెఫ్ బజల్‌జెట్ రూపొందించిన వ్యవస్థలో భాగంగా 1865లో క్రాస్‌నెస్ వద్ద ఒక పంపింగ్ స్టేషన్ తెరిచారు. అక్కడ జరిగేది మురుగు తోడటం. లోపల చూస్తే, పోత ఇనుముతో అల్లిన ఆకులూ తీగలూ, రంగులద్దిన స్తంభాలూ తోరణాలూ, నడుమ నాలుగు మహా యంత్రాలు. వాటికి రాణి పేరు, ఆమె భర్త పేరు, కొడుకు కోడళ్ళ పేర్లు. మురుగు తోడే యంత్రాలకు రాజకుటుంబం పేర్లు పెట్టడంలో ఎవరికీ నామోషీ అనిపించలేదు! పని ఎంత నీచమైనదైనా యంత్రానికి ఒక మర్యాద ఉంటుందన్న ఆ భావన నాకు చాలా నచ్చుతుంది.

ఇక చేతిపని చేసేవాళ్ళ సంగతి. జేక్ వాన్ స్లాట్ అన్న మారుపేరుతో ఒకాయన 2007 ప్రాంతంలో ఒక పాత ఐబీఎం మోడల్ ఎమ్ కీబోర్డును తీసుకుని, ప్లాస్టిక్ తొడుగులు పీకేసి, వాటి స్థానంలో పాత టైపురైటర్ నుంచి కోసిన గుండ్రని మీటలు అమర్చి, చుట్టూ ఇత్తడి చట్రం బిగించి, ఎలా చేశాడో అంచెలంచెలుగా అందరికీ చెప్పాడు. ఈ ధోరణిని కథల నుంచి కార్ఖానా బల్ల మీదికి తెచ్చిన వస్తువుల్లో అది ఒకటి. ఆ కీబోర్డునే ఎంచుకోవడంలో మంచి వివేకం ఉంది. మోడల్ ఎమ్‌లో ప్రతి మీట కిందా ఒక చిన్న స్ప్రింగు ఉంటుంది. వేలు నొక్కేకొద్దీ అది వంగి, ఒక దశలో ఠక్కున పక్కకు ఒరిగిపోతుంది, ఆ చప్పుడుతోనే అక్షరం పడుతుంది. అంటే పైకి తొడిగిన టైపురైటర్ వేషం లోపలి స్వభావానికి అబద్ధం కాలేదు. మెత్తగా, చప్పుడు లేకుండా దిగిపోయే చవక కీబోర్డుకు అదే ఇత్తడి తొడిగితే అది ఉత్త నాటకంగా మిగిలేది.

నాటకాలకు ఈ రంగంలో కొదవ లేదన్న మాటా ఒప్పుకోవాలి. పాత చేతిగడియారాలను పగలగొట్టి, అందులోని చక్రాలను టోపీ మీదా, ఫోను కవరు మీదా, ఉంగరం మీదా అతికించి అమ్మే సరుకు అంతా ఇంతా కాదు. రెండు చక్రాల పళ్ళు ఒకదానికొకటి అందకుండా అంగుళం దూరంలో ఉంటాయి. మూడు చక్రాలు ఒకదాన్నొకటి త్రికోణంలో కరచుకుని ఉంటాయి, అటువంటి అమరిక ఎటూ తిరగదు. ఇవి చూసినప్పుడు నాకు నిజంగా చిరాకు కలుగుతుంది. నడిచే గడియారాన్ని చంపి, నడవని చక్రాన్ని అలంకారం చేయడం, కనబడే యంత్రాన్ని ప్రేమిస్తున్నామని చెప్పుకునేవాళ్ళు చేయవలసిన పని కాదు. దీన్ని ఎగతాళి చేసేవాళ్ళలో స్టీమ్‌పంక్ అభిమానులే ముందుంటారన్నది కొంత ఊరట.

అయితే రంగస్థలానికి రంగస్థలపు న్యాయం ఉంటుంది. పారిస్‌లోని ఆర్ట్స్ ఎ మెతియే మెట్రో స్టేషన్‌లో 11వ లైను ప్లాట్‌ఫారాన్ని 1994లో బెల్జియన్ చిత్రకారుడు ఫ్రాన్స్వా ష్విటెన్ అంతా రాగిరేకులతో కప్పించి, రివెట్లు కొట్టించి, గోడల్లో ఓడ కిటికీల వంటి గుండ్రటి గాజులు పెట్టించాడు. కప్పుకు వేలాడే పెద్ద చక్రాలు దేన్నీ తిప్పవు. అయినా అక్కడ నాకు అభ్యంతరం లేదు; పైనున్న సాంకేతిక కళాశాలకూ మ్యూజియానికీ అది తలుపు, జలాంతర్గామిలోకి దిగుతున్నామన్న భ్రమ కలిగించడమే దాని పని.

ఫ్రాన్స్‌లోని నాంత్ నగరంలో ఉన్న యంత్రపు ఏనుగు ఇంకో మెట్టు పైది. మూతపడ్డ ఓడల తయారీ కేంద్రంలో 2007లో మొదలైన యంత్రశాలలో, ఫ్రాన్స్వా దెలారోజియేర్, పియేర్ ఒరెఫీస్ రూపొందించిన ఈ ఉక్కు, కర్ర ఏనుగు ఎత్తు 12 మీటర్లు, బరువు 48 టన్నులు; జనాన్ని ఎక్కించుకుని అడుగులు వేస్తుంది, తొండంతో నీళ్ళు చిమ్ముతుంది. అది ఆవిరితో నడిచేది కాదు కానీ, కాళ్ళలోని హైడ్రాలిక్ గొట్టాలు ముడుచుకోవడం, సాగడం ఏ ముసుగూ లేకుండా కనిపిస్తాయి. నాంత్ జూల్ వెర్న్ పుట్టిన ఊరు. ఏనుగు కూడా ఆయన ఊహకు బంధువే: 1880లో ఆయన ప్రచురించిన ఒక నవలలో ఆవిరితో నడిచే ఉక్కు ఏనుగు చక్రాల మీది ఇళ్ళను లాక్కుంటూ భారతదేశం మీదుగా ప్రయాణిస్తుంది. ఆ ఇళ్ళలో హాయిగా కూర్చున్నది తెల్లదొరలు. అందులో ఒకరు 1857 తిరుగుబాటులో భార్యను పోగొట్టుకుని నానాసాహెబు మీద పగ తీర్చుకోవాలని తిరుగుతున్న సైనికాధికారి. ఏనుగు మనది, దేశం మనది, యంత్రం వాళ్ళది. కథ ఎవరి కిటికీలోంచి చూసి చెప్పారో వేరే చెప్పనక్కరలేదు.

ఇది ఈ ధోరణికి ఉన్న అసలు చిక్కు. ఆవిరి గురించి మాట్లాడి, ఆవిరి ఎవరి మీద ప్రయోగించబడిందో మాట్లాడకపోవడం కుదరదు. ఈస్టిండియా కంపెనీ కోసం 1839లో కట్టిన నెమెసిస్ అనే ఇనుప ఆవిరి ఓడ, లోతులేని నదుల్లోకి కూడా చొరబడగలిగి, మొదటి నల్లమందు యుద్ధంలో చైనా నౌకలను చిత్తుచేసింది. నేతమిల్లుల్లో తొమ్మిదేళ్ళలోపు పిల్లల్ని పనిలో పెట్టకూడదని 1833లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేయవలసి వచ్చిందంటే, అంతకుముందు ఏం జరిగేదో ఊహించుకోవచ్చు. స్టీమ్‌పంక్ వర్గాల్లో తిరిగే ఒక నినాదం, యంత్రాన్ని ప్రేమించు, కర్మాగారాన్ని ద్వేషించు అన్నది, ఈ చిక్కును కొంతవరకు గుర్తించింది. ఆ కాలంలోనే కళావిమర్శకుడు రస్కిన్, హస్తకళాకారుడు విలియం మారిస్ కర్మాగారాన్ని ద్వేషించారు కానీ, దానితో పాటు మరసరుకునూ అసహ్యించుకుని చేతిపనిని ఆశ్రయించారు. ఈనాటి ఇత్తడిపనివాళ్ళు మారిస్ చేతిపనినీ బాబేజ్ చక్రాలనూ ఒకే బల్ల మీద కలుపుతున్నారు. ఆ ఇద్దరూ బతికుండగా ఒకరి పనిని ఒకరు మెచ్చుకునేవారని నేననుకోను.

వేషధారణ గురించి ఎక్కువ చెప్పను. ఉత్సవాలకు వెళ్ళేవాళ్ళు తమకొక పాత్రను కల్పించుకుంటారు, గాలి ఓడ కెప్టెనో, మెకానిక్కో, అన్వేషకుడో. దొరల టోపీకి బదులు కొలిమి ముందు కట్టుకునే తోలు ఏప్రన్‌ను ఎంచుకున్నవాళ్ళే నాకు ఆసక్తికరంగా కనిపిస్తారు. బాయిలర్‌లో బొగ్గు వేసేవాడి పాత్రను ఎంచుకునేవాళ్ళు మాత్రం ఎందుకో తక్కువ.

కథల్లో ఈ లోటును పూడ్చే పని మొదలైంది. నిసి షాల్ 2016లో ప్రచురించిన నవల, బెల్జియం రాజు లియోపోల్డ్ ఏలుబడిలో నలిగిన కాంగోలో జరుగుతుంది. చరిత్రలో అక్కడ రబ్బరు కోసం మనుషుల చేతులు నరికారు. నవలలో, చేతులు పోగొట్టుకున్నవాళ్ళకు లోహంతో చేసిన యంత్రహస్తాలు అమరుతాయి, వాటితో వాళ్ళు పని చేస్తారు, పోరాడతారు కూడా. నేను ఇంతవరకు చూసిన స్టీమ్‌పంక్ ఇత్తడిలో ఇంత న్యాయంగా తన చోటు సంపాదించుకున్నది ఇంకొకటి లేదు. ఇప్పుడు నేను వెతుక్కుని చదువుతున్నవి ఈ బాటలో వస్తున్న పుస్తకాలే. లండన్ పొగమంచులో డిటెక్టివ్ తిరిగే కథలను పక్కన పెట్టి చాలా కాలమైంది.