తెలుగులో ఏమంటారమ్మా?

వేల్స్‌లోని మా కార్డిఫ్‌లో అక్టోబరు వచ్చిందంటే నాకు బతుకమ్మ పూల టెన్షన్. తంగేడు, గునుగు ఇక్కడెక్కడ దొరుకుతాయి? సూపర్ మార్కెట్ చామంతులతోనే సర్దుకోవాలి, వాటినీ వానలో తడవకుండా ఇంటికి చేర్చాలి. 2024లో సరిగ్గా ఆ వారంలోనే మా అమ్మాయి, "ఐరిస్‌కి వెళ్దాం, నువ్వూ రా" అంది.

ఐరిస్ ప్రైజ్ మా ఊరి సినిమా పండగ. 2007 నుంచి ఏటా జరుగుతోంది. గే, లెస్బియన్, ట్రాన్స్ మనుషుల కథలతో తీసిన షార్ట్ ఫిల్మ్‌లు చాలా దేశాల నుంచి వస్తాయి. మన ముంబై కశిష్ లాంటి ఉత్సవాలు కూడా తమ తరఫున సినిమాలను ఇక్కడికి పంపుతాయి. నాకు నచ్చిందేమిటంటే, గెలిచినవాళ్లకు డబ్బు చేతికిచ్చి పంపేయరు. ఆ డబ్బుతో ఇక్కడ ఇంకో షార్ట్ ఫిల్మ్ తీయాలి. అలా నార్వే దర్శకుడు ఒకాయన వచ్చి మా కార్డిఫ్ బర్గర్ కొట్లో అర్ధరాత్రి గోలనే సినిమాగా తీశాడు.

"ఆదివారం బతుకమ్మకు పిలిచాం కదే" అని తప్పించుకోబోయాను. "సినిమా శనివారం" అంది.

బస్సులో అడిగింది: "గే అనే మాటను తెలుగులో ఏమంటారమ్మా? ఇక్కడి వెల్ష్ భాషలో హోయు అంటారు, దానికి హుషారు అని కూడా అర్థం." ఇక్కడ బడిలో పదహారేళ్లు వచ్చేదాకా అందరూ వెల్ష్ చదవాల్సిందే. అదలా వచ్చింది దానికి.

నాకు తెలిసిన మాటలన్నీ ఒకసారి మనసులో తిప్పి చూసుకున్నాను. మా వరంగల్ వీధిలో విన్నవన్నీ తిట్లే. మిగిలింది పేపర్లలో రాసే స్వలింగ సంపర్కులు. పిల్ల ముందు ఆ మాట నోట్లోంచి రాలేదు. నన్నూ మా ఆయన్నీ ఎవరూ సంపర్కం పేరుతో పరిచయం చేయరు కదా! "గే అనే అంటార్లే" అనేసి కిటికీలోంచి బయటికి చూశాను.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. ఆదివారాలు పెట్టుకునే తెలుగు కామెడీల్లో చెయ్యి తిప్పుతూ వయ్యారంగా నడిచే పాత్ర రాగానే మేమిద్దరం పగలబడి నవ్వేవాళ్లం. పక్కనే సోఫాలో కూర్చున్న అమ్మాయి నవ్విందో లేదో నేనెప్పుడూ చూడలేదు.

హాల్ బయట మొదటి ఏడాది గెలిచిన సినిమా సంగతి చెప్పింది. డీ రీస్ తీసిన 'పరయా'. న్యూయార్క్‌లో ఒక నల్లజాతి అమ్మాయి, తనకు అమ్మాయిలే ఇష్టమని ఇంట్లో చెప్పలేక నలిగిపోయే కథ. "పరయా అంటే వెలివేసిన మనిషి" అంటూ నాకు అర్థం చెప్పబోయింది. ఆ మాట మన పక్కింటిదేనని చెప్పాను. తమిళంలో పరై అంటే డప్పు, అది వాయించే కులం పేరు పరైయర్. తెల్లవాళ్లు ఆ పేరునే తీసుకుపోయి వెలికి మారుపేరుగా చేసుకున్నారు. మా అమ్మాయి నా వంక అదోలా చూసింది. "అంటే వెలివేయడానికి మన దగ్గర మాట ఉంది, దీనికి మాత్రం లేదు, కదా?"

జవాబు చెప్పలేదు. లైట్లు ఆరిపోయాయి, బతికిపోయాను.

మర్నాడు బతుకమ్మ పేరుస్తుంటే వరంగల్ నుంచి మా అత్తగారి వీడియో కాల్. "నిన్న ఏం సిన్మా చూసినవ్ బిడ్డా?" అని అడిగింది. నా చేతిలో చామంతి అలాగే ఆగిపోయింది.

మా అమ్మాయి తన వచ్చీరాని తెలుగులో చెప్పింది. "ఇద్దరమ్మాయిలు నానమ్మా. ఒకరంటే ఒకరికి ప్రేమ. పెళ్లి చేసుకుంటాం అంటారు."

ఆవిడ కళ్లజోడు సర్దుకుంది. ఫోన్ దగ్గరికి జరిగింది.

"మరి ఇంట్ల ఒప్పుకున్నరా?"